టెంక వదలని జాతి

జూలై. షెపర్టన్‌లో ఇది చలికాలం.
నాన్న నిచ్చెన ఆనించాడు పదిహేడో వరుస మొదటి చెట్టుకి.
ఇంకో తొమ్మిది వారాల్లో పెకలించబోయే పీచ్ చెట్టు.
కత్తిరిస్తున్నాడు.

కంచె అవతలి నుంచి సబీరె అత్త అరిచింది:
"ఏం నెవ్జాత్, పోయేవాడికి క్షౌరమా?"
నాన్న పలకలేదు.
మొగ్గకి వేలెడు పైన, ఏటవాలుగా ఒక కోత,
వాననీళ్లు మొగ్గ మీదికి జారకుండా.
అల్బేనియా కొండల నుంచి వచ్చిన మా తాత రకీప్
గోడ దెబ్బలాగా వేసిన కోత అది, ఎప్పుడూ ఒకే వాలు.

ఈ పండు టెంకని వదలదు.
కొరికితే సగం కండ టెంకకే అంటుకుని వస్తుంది.
బజారులో ఎవరికీ నచ్చదు.
డబ్బాకి మాత్రం ఇదే కావాలి:
ఉడికినా చెదరదు,
పాకంలో ఏడాది మునిగున్నా తన ఆకారం తనదే.

ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన ఇత్తడి వలయం ఒకటుంది మా ఇంట్లో.
అందులోంచి జారిపోతే చిన్న కాయ, వెనక్కి.
ఇరుక్కుంటే డబ్బు.
ఐదేళ్లప్పుడు దాన్ని గాజులా తొడుక్కున్నాను,
మోచేతి దాకా జారింది.
"దీనికి ఇంకా నెల పడుతుంది" అన్నాడు తాత, నన్ను ఎగాదిగా చూసి.
ఇప్పుడు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఉత్తరం చాలా మర్యాదగా వచ్చింది.
డబ్బా పండ్లకి గిరాకీ తగ్గింది కనుక
మా కోటాని నూట నలభై టన్నుల నుంచి సున్నాకి
సవరించారట.
సవరించడం!
మేమూ చెట్లని సవరిస్తాం,
ఒక కొమ్మ తీసేది ఇంకోటి రావడానికి.

లెక్కలు నావి. సంతకం నాది.
బుల్డోజర్ డార్సీకి ఫోన్ చేసింది నేనే.
వేరే దేశం పీచ్ డబ్బా ఒకటి
ఊళ్లో కొని, కారులోనే, వేళ్లతో తిన్నదీ నేనే.
మా కోత కూలీ కన్నా చవక.
నాన్నకి చెప్పలేదు.
తియ్యగానే ఉంది.

ఈ నేలలో వచ్చేవి ఆపిల్ మొక్కలు,
తీగలకి కట్టి, వల కింద, సైనికుల్లా నిలబెట్టి పెంచేవి.
వాటి పేరుకి యజమాని వేరే ఉన్నాడు.
ఒప్పందంలో తొమ్మిదో పేజీ:
కొమ్మ తుంచి ఎవరికీ ఇవ్వరాదు, అంటు కట్టరాదు.
చదువుతుంటే పదిహేడో వరుస గుర్తొచ్చింది.
ఈ వరుసంతా పక్కింటి ఇటాలియన్ తోట కొమ్మలే.
తడి గోనెలో చుట్టి ఇచ్చారట,
మా నాయనమ్మ బదులుగా పళ్లెం నిండా బ్యురెక్ పంపిందట.
సంతకాలు లేవు.
పళ్లెం తిరిగి రాలేదని మాత్రం
పోయేదాకా గొణిగింది.

మధ్యాహ్నానికి పొగమంచు విడిచింది.
వనువాటు నుంచి వచ్చే కోత కుర్రాడు కాల్సకావ్ ఫోన్ చేశాడు,
జనవరికి టికెట్ తీసుకోమంటారా అని.
ఆపిల్ కాపుకి మూడేళ్లు పడుతుంది.
ఆ మాట చెప్పడానికి
వరుస చివరి దాకా నడవాల్సొచ్చింది నాకు.

తిరిగొచ్చేసరికి నాన్న ఆరో చెట్టు మీదున్నాడు.
నిచ్చెన ఒక కాలు బురదలో దిగబడి ఉంది.
పట్టుకున్నాను.
మెడ మీద రంపపు పొట్టు పడుతోంది, తడిగా,
బాదంపప్పు వాసనతో.

ఊరుకోలేకపోయాను.
"నాన్నా, ఆ కొమ్మ ఎందుకు ఉంచావు?"
కోప్పడతాడనుకున్నాను.
కాదు, పాఠం అడిగినట్టే తీసుకున్నాడు.
రెండేళ్లలో ఆ కొమ్మ ఎంత సాగుతుందో
చెయ్యి చాచి చూపించాడు,
పక్క చెట్టుకీ దీనికీ మధ్య ఖాళీలోకి.
"అటు వెలుతురుంది" అన్నాడు.

తర్వాత చూడకుండానే చెయ్యి కిందికి పెట్టాడు.
పెద్ద రంపం అందించాను.